కుంచం యెవరిది?

నేనిక్కడ విమర్శకు తీసుకుంటున్నది కథ కాదు, కావ్యమూ కాదు. నాలుగు పుటల నివేదిక. దాన్ని రాసింది నేనే. రచయిత తన రచనను తానే విమర్శకు పెట్టుకోవడం మన పత్రికలలో అంతగా అలవాటు లేని పని. కాని ఆత్మవిమర్శను గురించి పదిమందికి బోధించే మనం అప్పుడప్పుడు దాన్ని చేసి చూపడంలో తప్పు లేదనుకుంటాను. పైగా యీ రచనకు పాఠకులు తక్కువే అయినా ఫలితం పెద్దది. కథ బాగులేకపోతే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు, అంతే. యీ నివేదిక బాగులేకపోతే ఒక పదేళ్ల పిల్లవాడికి బడి మూసుకుపోతుంది.

మనస్తత్వ శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, పిల్లల మానసిక పరీక్షలలో శిక్షణ పొంది, కురుపాం వచ్చిన రెండో యేడు రాసిన నివేదిక అది. కురుపాం 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో వుంది. అంతకు ముందు విజయనగరం జిల్లా. చుట్టూ కొండలలో సవరలు, జాతాపులు వుంటారు. "వీడు వెనకబడ్డాడు", "యీ పిల్ల నోరు విప్పదు" అని ఉపాధ్యాయులు చూపించిన పిల్లలను పరీక్షించి, వాళ్ల బుద్ధి యే మట్టంలో వుందో, మనసు యే స్థితిలో వుందో కాయితం మీద పెట్టడం నా వుద్యోగం.

ఆ కుర్రవాడు సవర. నాలుగో తరగతి. కొండమీది వూరు, ఆరో యేట హాస్టలుకు తెచ్చారు. క్లాసులో మాట్లాడడు, రాత్రి పక్క తడుపుతాడు, రెండుసార్లు గోడ దూకి యింటిదారి పట్టాడు. నాకు వచ్చిన చీటీలో "మందబుద్ధి, పరీక్షించి తెలుపగలరు" అని వుంది. అంటే తీర్పు ముందే వచ్చింది, విచారణ నా వంతు. ఒక మధ్యాహ్నం భోజనాల గదిలో ఓ మూల కూర్చోబెట్టి యాభై నిమిషాలు పరీక్షించాను. సాయంత్రానికి నివేదిక తయారు.

దాని శైలి చూడండి. "పరీక్షకు సహకారము పరిమితముగా లభించినది." "ప్రశ్నలకు ఆలస్యముగా, ఏకపద సమాధానములు యివ్వబడినవి." "సాధారణ పరిజ్ఞానము వయస్సుకు తగినట్లు లేదు." "అమూర్త ఆలోచన కొరవడినది." చివర ఒక అంకె. అంకె పక్కన "స్వల్ప బుద్ధిమాంద్యము".

గిడుగు రామమూర్తిగారు పోయి యెనభై యేళ్లు దాటినా గ్రాంథికం యింకా దర్జాగా బతుకుతున్న చోట్లలో మా నివేదికలు ఒకటి. అయితే నా ఫిర్యాదు "ము"కారాలమీద కాదు. యీ వాక్యాలలో కర్త లేడు. సహకారం యెవరికి లభించలేదు? యెవరు, యే భాషలో అడిగిన ప్రశ్నకు సమాధానం ఆలస్యమైంది? పరీక్ష తెలుగులో జరిగిందనీ, పిల్లవాడి యింటి భాష సవర అనీ, పరీక్షించిన మనిషికి సవర ముక్క కూడా రాదనీ నాలుగు పుటలలో యెక్కడా లేదు. కర్మణి ప్రయోగం వాక్యంలోకి వూరికే రాదు. చేసినవాడు పక్కకు తప్పుకోవాలనుకున్నప్పుడు వస్తుంది.

సవర తెలుగుకు యాస కాదు. ద్రావిడ భాష కూడా కాదు. అది ముండా భాష, సంతాలీకి దూరపు చుట్టం. గిడుగువారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా వుంటూ సవరల దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలు తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ప్రతి యేటా ఆగస్టు 29న వాడుక భాషను గురించి వుపన్యసించే మనం ఆయన జీవితంలోని యీ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాం. దాటేసిన వాళ్లలో నేనూ వున్నాను; ఆ వ్యాకరణం వుందని విని కూడా, కురుపాం వచ్చే ముందు దాన్ని తెరిచి చూడలేదు.

యిక పరీక్ష సంగతి. 1904లో ఫ్రెంచి ప్రభుత్వం, మామూలు బడిలో ముందుకు సాగలేని పిల్లలను యెలా గుర్తించాలో చెప్పమని ఒక సంఘం వేసింది. దానికోసం ఆల్‌ఫ్రెడ్ బినే, సిమోన్ కలిసి 1905లో తొలి ప్రశ్నావళి తయారుచేశారు. సహాయం కావలసిన పిల్లవాడెవడో తెలుసుకోవడం బినే ఉద్దేశం. బుద్ధి పుట్టుకతో గీసిన గీత అనీ, అది పెరగదనీ అనేవారిని ఆయన 1909లో రాసిన పుస్తకంలో గట్టిగా ఖండించాడు. 1911లో చనిపోయాడు. మరుసటి యేడే జర్మనీలో స్టెర్న్, మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలో టెర్మన్ ఆ భాగఫలాన్ని నూరుతో గుణించి ప్రచారంలోకి తెచ్చాడు. యీ లోపల, 1913లో, గొడార్డ్ అనే ఆయన బృందం న్యూయార్కు రేవులో ఓడ దిగిన వలస కూలీలను దుబాసీలద్వారా యీ ప్రశ్నలే అడిగింది. యూదులలో, ఇటాలియన్లలో, రష్యన్లలో అత్యధికులు మందబుద్ధులే అని తేల్చింది. వారాల తరబడి సముద్రంమీద వచ్చి, తెలియని దేశంలో, తెలియని అధికారి ముందు నిలబడ్డ మనిషి మందంగా కాక యెలా కనిపిస్తాడు? యీ కథ నేను తరగతి గదిలో చదివాను, నోట్సు రాసుకున్నాను, పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. భోజనాల గది మూల కూర్చున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మన దేశంలో వి. వి. కామత్ 1930లలో కన్నడ, మరాఠీ పిల్లలకు బినే పరీక్షను మలిచాడు. సి. ఎం. భాటియా 1955లో ఉత్తరప్రదేశ్ పిల్లలమీద చేతిపనుల పరీక్షలు కూర్చాడు. నాగపూర్‌లో మాలిన్ 1969లో వెక్స్లర్ పరీక్షకు భారతీయ రూపం యిచ్చాడు. వాళ్ల కాలానికి యివి చిన్న పనులు కావు. విదేశీ ప్రమాణాలను మక్కీకి మక్కీ దించుకోవడం కన్న యెంతో మేలు. కాని యీ మూడింటిలో యే ఒక్కదాని ప్రమాణంలోనూ తూర్పు కనుమల సవర బిడ్డ లేడు.

మన్యం చరిత్ర తెలిసిన పాఠకులకు యిక్కడ కుంచం గుర్తుకు రావాలి. కొండవాడి దగ్గర చింతపండు, కందులు తీసుకునేటప్పుడు షావుకారుకు ఒక కుంచం, అప్పుగింజలు యిచ్చేటప్పుడు యింకొక కుంచం. ఆ దొంగ కొలతలమీద, వెట్టిమీద, అప్పులమీద, పోయిన పోడుభూములమీద గిరిజనులు సంఘం కట్టి పోరాడారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న వాళ్లలో కోరన్న, మంగన్న అనే యిద్దరిని లేవిడి దగ్గర కాల్చి చంపారు. నేను పనిమీద మొండెంఖల్ దారిన పోతూనే వుంటాను. గింజలు కొలిచే కుంచంమీద అంత నెత్తురు కారిన నేల అది. అక్కడికి బుద్ధి కొలిచే కుంచాన్ని, అది యెవరిదని అడక్కుండా, సంచిలో వేసుకుని వెళ్లాను.

పరీక్షలోని అసలు ప్రశ్నలు బయటపెట్టకూడదని మా వృత్తిలో నియమం వుంది; అది మంచి నియమమే. అందుకని అదే అచ్చులో నేను తర్వాత కల్పించి అడిగిన ఒక ప్రశ్న చెబుతాను. "చింతపండూ పసుపూ యే విషయంలో ఒకటి?" రెండూ చెట్టునుంచి, మొక్కనుంచి వచ్చేవి అంటే పూర్తి మార్కులు. రెండూ కూరలో వేస్తారంటే సగం. మా వాడు కాసేపు ఆలోచించి, "రెండూ సంతకి పోతాయి" అన్నాడు. మా పద్ధతి ప్రకారం దీనికి సున్నా. మార్క్స్ "పెట్టుబడి"ని సరుకుతోనే మొదలుపెట్టాడని తెలిసిన పాఠకులు యెన్ని మార్కులు వేస్తారో వారికే వదిలేస్తాను. పొరపాటు పడకండి, కుర్రవాడు సిద్ధాంతవేత్త అని నేననడం లేదు. వాడి యింట్లో చింతపండు చెట్టు సంగతిగా కాదు, సంత సంగతిగా మాట్లాడుకునే వస్తువు. అమ్మితేనే వుప్పు వస్తుంది. వాడు ఆ అనుభవం నుంచే రెండింటినీ ఒక జాతిలో చేర్చాడు. అది వర్గీకరణే. "అమూర్త ఆలోచన కొరవడినది" అని రాసిన చోట నిజానికి నేను రాయవలసింది, నాకు తెలిసిన అమూర్తం అతని అమూర్తం కాదని.

లెక్కల సంగతి యింకా చిత్రం. సవరలో అంకెలు పన్నెండు దాకా వెళ్లి మళ్లీ మొదలవుతాయి. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ యేడు. ఆపైన యిరవైలు. ముప్ఫై తొమ్మిదిని యిరవయ్యీ పన్నెండూ యేడూ అంటారు. వాడి అవ్వ అలాగే లెక్కపెడుతుంది. బళ్లో పది పదులుగా నేర్పుతారు. నేనడిగిన కూడికకు వాడు పెదవులు కదుపుతూ యే దారిలో వెళ్లాడో నాకు తెలియదు. గడియారం ఆపి, "ఆలస్యము" అని రాసుకున్నాను.

భాష అక్కరలేని పరీక్షలున్నాయి కదా అని మిత్రులు అంటారు. వున్నాయి. సెగాఁ ఫలకం వుంది. చెక్కలో పది ఆకారాల గుంటలు, వాటికి సరిపోయే పది ముక్కలు. మాట అవసరం లేదు. ముక్కలు గుంటల్లో పెట్టడమే. మూడుసార్లు పెట్టించి, అన్నిటికన్న తక్కువ పట్టిన సెకండ్లు చూస్తాం. మావాడు ప్రతి ముక్కనూ తిరగేసి, వేలితో రాసి, వాసన చూసి, తర్వాత పెట్టాడు. ఒక్కటీ తప్పు పెట్టలేదు. మూడోసారి కూడా అలాగే చేశాడు. తొందరపడాలని వాడికి యెందుకు తోచాలి? కొత్త చెక్క చేతికొస్తే అది యే చెట్టుదో చూడడం వాడు పెరిగిన చోట మర్యాద. గడియారంతో పందెం వేయడం వాడికింకా యెవరూ నేర్పలేదు. నోరు మెదపకపోయినా, ఆ ఫలకం పక్కన నేను పెట్టిన గడియారం ఒక భాషే మాట్లాడుతూంది.

మనసు సంగతి అడిగే ప్రశ్నావళి దీనికన్న అన్యాయం. "గత రెండు వారాలలో నిరాశ, నిస్పృహ కలిగినదా?" అని ఆఫీసు తెలుగులో వుంటుంది. వాడు ప్రతి ప్రశ్నకూ "అవును" అన్నాడు. హాస్టలు పిల్లవాడికి పెద్దవాళ్ల యే ప్రశ్నకైనా దెబ్బలు తప్పించే జవాబు అదే. కూడి చూస్తే తీవ్రమైన విచారం తేలింది. విచారం నిజమే, కాని ఆ మొత్తం దానికి సాక్ష్యం కాదు.

యిలాంటి అనుభవం మనవాళ్లకు కొత్తేమీ కాదని చెప్పడానికి లూరియాను ప్రస్తావించాలి. 1931, 32లలో లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్లి, చదువురాని రైతులకు సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి, చేరనిదేదో చెప్పమన్నాడు. నాలుగూ చేరతాయి, దుంగ లేకపోతే రంపంతో యేం కోస్తారన్నారు వాళ్లు. మంచున్న ఉత్తరాదిలో యెలుగులన్నీ తెల్లగా వుంటాయి, ఫలానా వూరు అక్కడిది, అక్కడి యెలుగు రంగేమిటని అడిగితే, మేం చూడలేదు, చూసినవాళ్లను అడగమన్నారు. సామూహిక వ్యవసాయంలోకి, బడిలోకి వచ్చినవాళ్లు పుస్తకంలో వున్నట్టు జవాబు చెప్పారు. ఆలోచన రీతి మెదడులో పోతపోసినది కాదు, జీవిత విధానంతో మారుతుందని దీనినుంచి లూరియా తేల్చాడు. అది గొప్ప ఫలితం. కాని ఒక నిచ్చెన కూడా అందులో వుంది. రైతు కింది మెట్టుమీద, శాస్త్రజ్ఞుడు పై మెట్టుమీద. చూడని యెలుగు రంగు చెప్పననడం వెనకబాటా, సాక్ష్యం విషయంలో నిజాయితీయా అన్న ప్రశ్న ఆ గ్రంథంలో నాకు గట్టిగా వినిపించలేదు. వామపక్షం వాళ్లది కదా అని యీ నిచ్చెనను మనం భుజాన వేసుకు తిరగనక్కరలేదు.

ఆ లూరియా మిత్రుడే విగోట్‌స్కీ. ఆయన చెప్పిన ఒక మామూలు వుదాహరణ నన్ను రక్షించింది. యిద్దరు పిల్లలు, యిద్దరి మానసిక వయస్సూ యెనిమిదే. పక్కన ఒకరు కూర్చుని కాస్త దారి చూపిస్తే ఒకడు పన్నెండేళ్లవాడి లెక్కలు చేస్తాడు, రెండోవాడు తొమ్మిదేళ్లవాడివి. యిప్పుడు వాళ్లిద్దరూ సమానమేనా? బినే పరీక్ష నిన్నటిదాకా పిల్లవాడు యేం కూడబెట్టాడో చూస్తుంది. రేపు యేం చేయగలడో తెలియాలంటే సాయం చేసి చూడాలి.

రెండు నెలల తర్వాత వాడిని మళ్లీ చూశాను. యీసారి వాళ్ల పక్క వూరి ఆశా కార్యకర్తను వెంట తీసుకువెళ్లాను; ఆమె సవర. పరీక్ష మూడు రోజులు సాగింది, చెట్టుకింద. మొదటి రోజు పరీక్షే లేదు. ఆమెతో వాడు మొట్టమొదట అడిగింది, అవ్వ పక్కన రాత్రిళ్లు యెవరు పడుకుంటున్నారని. క్లాసులో యెందుకు మాట్లాడవంటే, "నవ్వుతారు" అన్నాడు. దారి చూపిస్తే చాలా చేశాడు. అంకె పెరిగింది. కాని నేను ఆశపడ్డంత పెరగలేదని కూడా యిక్కడ చెప్పి తీరాలి. అక్షరాలను వరుసలో గుర్తుంచుకోవడంలో వాడు సవరలో అడిగినా తడబడ్డాడు. వాడికి నిజంగానే కొంత యిబ్బంది వుంది. నా మొదటి నివేదిక అబద్ధమైనంత మాత్రాన ఆ యిబ్బంది అబద్ధం కాదు.

యిక్కడే మన మిత్రులతో నాకు పేచీ. యీ పరీక్షలన్నీ బూర్జువా పనిముట్లు, తగలెయ్యండి అంటారు కొందరు. 1936 జూలైలో సోవియట్ పార్టీ కేంద్ర కమిటీ ఆ పనే చేసింది. పిల్లల మానసిక పరీక్షలను ఒక తీర్మానంతో నిషేధించింది. రైతు కూలీ బిడ్డలను గంపగుత్తగా మందబుద్ధుల బడులకు తోలుతున్నారన్న ఆరోపణలో నిజం వుంది. కాని ఆ దెబ్బతో, రెండేళ్ల కిందటే పోయిన విగోట్‌స్కీ రచనలు కూడా దాదాపు యిరవై యేళ్లు మరుగున పడ్డాయి. కుంచం దొంగదని తేలితే సరైన కుంచం చేయించాలి గాని, కొలవడమే మానేస్తే గింజలు మళ్లీ షావుకారు కంటి అంచనాకే పోతాయి.

యిది నాకు ఒక పిల్ల నేర్పింది. కుర్రవాడి విషయంలో తప్పు తెలిసొచ్చాక, నేను కొత్తగా మతం పుచ్చుకున్నవాడి వుత్సాహంతో ప్రతి చోటా భాషనే చూడడం మొదలుపెట్టాను. ఒక జాతాపు పిల్లను పంపారు, యేడేళ్లది, పిలిస్తే పలకదు. పరీక్ష అక్కర లేదు, బడి భాష అలవాటు కాలేదు, ఆరు నెలలు ఆగండి అని ఘనంగా రాశాను. ఆర్నెల్లు ఆగారు. తర్వాత చెవి చూపిస్తే, రెండు చెవులూ చీముపట్టి చాలా కాలమైంది. వినికిడి బాగా తగ్గిపోయింది. జాతాపులలో చాలామంది యింట తెలుగే మాట్లాడతారని కూడా నేను అప్పుడు ఆలోచించలేదు. దిండుమీద మరకలు హాస్టలు ఆయా యెప్పుడో చూసింది. ఆమెను నేను అడగలేదు. పరీక్షను నమ్మి ఒక బిడ్డకు అన్యాయం చేశాను, పరీక్షమీద విమర్శను నమ్మి యింకో బిడ్డకు చేశాను. యిప్పుడు యే పిల్ల వచ్చినా ముందు చెవి, కన్ను, రక్తం చూపించి, యింటి భాష యేదో కనుక్కుని, తర్వాతే సంచి విప్పుతున్నాను. యిది పాఠ్యపుస్తకంలో మొదటి పుటలోనే వుంది. తీరిక లేదని దాటేస్తాం.

మన సాహిత్యాన్ని కూడా ఒక మాట అడగాలి. నేను చదివినంతలో మన కథలలో గిరిజన బాలుడు చురుకైనవాడు, అడవి పుస్తకం చదివినవాడు, లేదా నోరులేని బాధితుడు. నిజంగానే నెమ్మదైన బుద్ధిగల గిరిజన బిడ్డ, అయినా బడిలో చోటు, పంక్తిలో కంచం వుండవలసిన బిడ్డ, మన కథలోకి రాలేదు. తెలివైనవాడని రుజువైతేనే మన సానుభూతి దొరుకుతుందంటే టెర్మన్ మన కలంలో కూడా కూర్చున్నట్టే.

నివేదిక తిరగరాశాను. అందులో కర్త వుంది. "నేను మొదటిసారి తెలుగులో అడిగాను. నాకు సవర రాదు" అని మొదలవుతుంది. పంపితే తిరిగి వచ్చింది. ఫారంలో అంకె వేసే గడి ఖాళీగా వుందట. అంకె వేసి, దాన్ని యెలా చదువుకోవాలో వేరే కాయితంమీద రాసి జతచేశాను. ఫైలులో అంకె వున్న పుట వుంది. జతచేసిన కాయితం లేదు.

తండ్రి సంతరోజున వచ్చాడు. 2016 చట్టం ప్రకారం వైకల్యం నూటికి నలభై వుంటేనే సదుపాయాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఆ పింఛను నెలకు 6000 రూపాయలు. ఆ యింట ఒక సంవత్సరం చింతపండు అమ్మినా అంత రాదేమో. మొదటి అంకెతో ఆ కాయితం వచ్చేది, రెండో అంకెతో రాదు. అతను అరుగుమీద కూర్చుని అడిగాడు: "ఆడికి బుర్ర నేదని రాసినారా అమ్మా, వుందని రాసినారా?"

వుందనే రాశానన్నాను. పింఛను రాదని కూడా చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆడికి మా బాసలో సెప్పే మేస్టర్ని ఏస్తారా?" అన్నాడు.

సవర వాచకాలు తెలుగు లిపిలో యెప్పుడో అచ్చయ్యాయి. ఆ బడి బీరువాలో ఒక కట్ట నేను చూశాను. వాటిని చదివి చెప్పగల మేష్టారు కూడా అక్కడ ఒకరు వుండేవారు. ఆ జూన్‌లో ఆయనకు మైదానంలోకి బదిలీ అయింది.